బంపర్ కాక

మెసేజ్ వచ్చినప్పుడు ఒక పెద్దాయన రక్తం నింపిన గొట్టం మీద పేరు చీటీ అంటిస్తున్నాను. బల్ల మీద ఫోన్ వెలిగింది. పంపింది బంపర్ కాక. చాలా రోజుల తర్వాత, అనుకుంటూ చదివాను.

"అక్కా, నేను బిడ్డను మాట్లాడుతున్న. మా బాపు నిన్న పొద్దుగాల చనిపోయిండు. దమ్ము ఎక్కువైంది. ఫోన్ల మీ నంబర్ ఉంటే చెప్తున్న."

ఆయన చనిపోయిన సంగతి ఆయన ఫోన్ నుంచే వచ్చింది. చీటీ వంకరగా పడింది. పీకి మళ్లీ అంటించాను. తర్వాతి మనిషిని పిలిచాను. ఆవిడ నరం దొరక్క రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఒంటిగంటకు క్లినిక్ మూశాక ఇంటికి వచ్చి పెరుగన్నం తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. సాయంత్రం మా ఆయనకు చెప్తే, "అయ్యో! వయసెంత?" అన్నాడు. నాకు తెలియదు. ఆయన పేరు కూడా నేనెప్పుడూ అడగలేదు. ఇక్కడ ఒమాన్‌లో, సహంలో మా బిల్డింగు వాళ్లెవరూ అడిగి ఉండరు. అందరికీ కాకే. నా ఫోన్‌లో మాత్రం బంపర్ కాక.

ఆయన కూడా మమ్మల్ని పేర్లతో పిలిచేవాడు కాదు. మనుషుల్ని వాళ్ల బండ్ల దెబ్బలతో గుర్తుపెట్టుకునేవాడు. కింద దర్జీ షాపులో పనిచేసే కడప భాయిని "ఎడమ మడ్‌గార్డ్" అనేవాడు. రెండో అంతస్తు మలయాళీ నర్సు "డోర్ కింద గీత". "నిన్న ఎడమ మడ్‌గార్డ్ కలిసిండు, జరమట పాపం," అనేవాడు మామూలుగా. నేను "వెనక బంపర్ బిడ్డ"ను.

ఆ పేరు నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. లైసెన్సు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. డ్రమ్ముల మధ్యలోంచి బండిని వెనక్కి తీసే పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాను. మా ఆయన బండి అది, సెకండ్ హ్యాండ్ తెల్ల కారు. సోహార్‌లో షిఫ్టు డ్యూటీకి కంపెనీ బస్సులో వెళ్తాడు కాబట్టి కారు ఖాళీగా ఉండేది. అయినా నేను తీస్తానంటే, "ఇప్పుడే వద్దులే, కొన్నాళ్లు ఆగు," అనేవాడు. ఒక శుక్రవారం ఆయన డ్యూటీలో ఉండగా తీశాను. క్లినిక్ వెనక పసుపు స్తంభానికి కొట్టాను. ఎలాగో ఇంటికి తెచ్చి, బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టి, మా అక్కకు ఫోన్ చేసి ఏడుస్తున్నాను. బంపర్ ఒక మూల లోపలికి పోయింది. దాని మీద అరచెయ్యంత పసుపు, పక్కనే మూడు గీతలు.

"తెలుగోల్లా బిడ్డా?"

కెఫెటేరియా దగ్గర్నుంచి కాగితపు కప్పులో టీ పట్టుకుని వస్తున్నాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకున్నాడు. ఒంటి నుంచి థిన్నర్ వాసన.

"అవునండీ."

"దవాఖాన వెనకాల స్తంభమేనా?"

"మీకెట్లా తెలుసు?"

"ఆ పసుపు నాకు తెల్వదా? నెలకు ఇద్దరు ముగ్గురొస్తరు మా గ్యారేజీకి, గా స్తంభం కాడికెళ్లి."

టీ కప్పు నేల మీద పెట్టి, బంపర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చేతిని తిరగేసి, వేళ్ల వెనక వైపుతో బంపర్‌ను ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిమిరాడు. తర్వాత గీతల మీద గోరు అడ్డంగా లాగాడు.

"ఈ రెండిట్ల గోరు ఆగుతలేదు. పాలిష్ పెడితె పోతయి. ఈ ఒక్కదాన్ల ఆగింది. దీనికి పనున్నది."

"మీరు చేస్తారా బాబాయ్ గారూ?"

"బాబాయ్ గారంటె పెద్ద ఆఫీసరు లెక్క అనిపిస్తది. కాకా అను. నేను చెయ్య. నేను ముట్టుకుంటె అది డ్యూటీ అయితది, మా అర్బాబ్‌కు, గ్యారేజీ ఓనరుకు, తెలిస్తె బాగుండది. నువ్వు రుద్దుకుంటె నీ ఖుషి. పో, కెటిల్‌ల నీళ్లు మసలవెట్టి తే."

ముందు గుడ్డకు కొంచెం థిన్నర్ తడిపి పసుపు మీద రుద్దమన్నాడు. రుద్దుతుంటే పసుపు ఊడి వస్తోంది. కింద నా తెలుపు చెక్కుచెదరకుండా ఉంది. "సూసినవా, అది నీ గాయం గాదు, స్తంభం రంగు నీకంటుకున్నది," అన్నాడు. తర్వాత లోపలికి పోయిన మూల మీద మరిగే నీళ్లు పోయించాడు. రెండు కెటిళ్లు. "ఇప్పుడు కిందికెళ్లి చెయ్యి పెట్టి నూకు. భయపడకు, ప్లాస్టికే." బురదలో పడుకుని చెయ్యి దూర్చి తోశాను. టప్పుమంది. బంపర్ బయటికి వచ్చింది. వెంటనే చన్నీళ్లు పోయమన్నాడు. అలా పోస్తే ఆ ఆకారంలోనే బిగుసుకుంటుందట.

మిగిలిన గీతకు మూడు శుక్రవారాలు పట్టింది. సబ్బుతో కడగడం, ఆరబెట్టడం, మళ్లీ కడగడం. చుట్టూ టేపు వేసి వార్తాపత్రిక అంటించడం. ఉప్పుకాగితం నీళ్లలో తడిపి రుద్దడం, గరుకుది ముందు, నున్నటిది తర్వాత. కొంచెం లప్పం పెట్టి, అది ఆరాక మళ్లీ రుద్దడం. ప్రైమర్, దాని మీద రంగు, పైన అద్దం లాంటి క్లియర్ పూత. ఆయన ఖాళీ పెయింటు బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చునేవాడు. ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. రంగు కొట్టే రోజు మాత్రం ఉదయం ఆరింటికే రమ్మన్నాడు. ఎండ ఎక్కితే గాలి లేస్తుంది, గాలి లేస్తే ఇసుక వచ్చి తడి మీద కూర్చుంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊరు కాబట్టి ఉక్క ఎక్కువున్న రోజు క్లియర్ పాలలా తెల్లబడిపోతుందని కూడా చెప్పాడు.

మొదటి శుక్రవారం సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బంపర్ చూశాడు. టేపులు, కాగితాలు అంటించి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?"

"నేనే. కొట్టిందీ నేనే."

వంగి చూశాడు. మూడో వారం పని పూర్తయ్యాక కారు తాళం తీసుకొచ్చి నా బ్యాగులో వేశాడు.

ఆ తర్వాత శుక్రవారం ఉదయాలు ఆ ఖాళీ స్థలంలో నలుగురైదుగురు చేరడం మొదలైంది. అందరివీ చిన్న దెబ్బలే. మనిషి ఒకడు బకెట్టు మీద కూర్చుని ఉంటే, చుట్టూ నలుగురు తమ తమ బండ్లు రుద్దుకుంటూ ఉండేవాళ్లు. ఒకసారి కడప భాయి అలిసిపోయి, "ఔర్ కిత్తా ఘిస్నా కాకా? ఇంకెంత రుద్దాల?" అని అడిగాడు.

"నీ చెయ్యి నొచ్చిందాక గాదు భాయ్, గీత పోయిందాక."

"చెయ్యే ముందు పోతా ఉంది."

"పోనీ. దాని మీద గూడ రంగేద్దాం."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఎవరి కారుకూ ఆనుకునేవాడు కాదు. ఎవరైనా ఆనుకుంటే, "బెల్టు గీస్కపోతది, జరుగు," అనేవాడు. పార్కింగులో నడుస్తుంటే మనుషుల వైపు కాకుండా డోర్ల వైపు చూస్తూ నడిచేవాడు. ఎడమ చేతి బొటనవేలి గోరుకు ఎప్పుడూ ఏదో ఒక కారు రంగు ఉండేది. కలిపిన రంగును ముందు ఆ గోరు మీద వేసుకుని కారు పక్కన పెట్టి చూడటం అలవాటు. ఒక వారం గోరు ఎర్రగా ఉండేది, ఒక వారం వెండి రంగులో మెరిసేది. ఇరవై ఏళ్లుగా అదే అలవాటట. ముందు రుస్తాఖ్‌లో, తర్వాత సహంలో. "సెలవుకు పోయినప్పుడు నా బిడ్డ పట్టుకుని గీకి గీకి తీస్తది," అన్నాడొకసారి. ఇంటి గురించి నేను విన్నది దాదాపు అంతే. అది జగిత్యాల వైపు ఊరు.

ఆయన కళ్లు సరిగా లేవని నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. క్లినిక్‌లో పనిచేసేదాన్ని, ముందే తెలియాల్సింది. ఒక శుక్రవారం రెండు వేల నంబరు ఉప్పుకాగితం చేతిలో పట్టుకుని, "ఇది ఎనిమిది వందలదేనా?" అని నన్ను అడిగాడు. వెనక నంబరు అచ్చు వేసి ఉంది. కాసేపటికి ఫ్లాస్కులోంచి టీ పోస్తూ కప్పు పక్కన పోశాడు. వేళ్లు కాలాక చెయ్యి లాక్కున్నాడు.

అందరూ వెళ్లాక అడిగాను.

"కండ్లల్ల పొర వచ్చింది బిడ్డా. రెండిట్ల."

"ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుంది కాకా. అరగంట పని."

"ఈడ కండ్ల డాక్టర్ కాడికి పోతె కంపెనీకి తెలుస్తది. రంగు కనబడని పెయింటర్‌ను ఎవలుంచుకుంటరు? ఇంటికి పంపుతరు."

"ఇంటికి వెళ్లే చేయించుకోవచ్చుగా."

"పోయి ఏం జెయ్యాలె? మా ఊర్ల రంగెయ్యాలంటె బర్రె కొమ్ములకు ఎయ్యాలె." బొటనవేలు చూపించి, "వేలుతోని తెలుస్తది నాకు అంతా. గీత, లప్పం, నునుపు అన్నీ తెలుస్తయి. రంగొక్కటే తెలుస్తలేదు," అన్నాడు.

తర్వాత మెల్లగా అడిగాడు. "నువ్వు దవాఖానల ఏం పని జేస్తవు బిడ్డా?"

చెప్పాను. రక్తం, మూత్రం పరీక్షలు. మూత్రంలో ముంచిన పట్టీ మీద రంగు మారితే, దాన్ని సీసా మీదున్న రంగుల గళ్ల పక్కన పెట్టి ఏ గడితో కలిసిందో చూసి రాస్తామని కూడా చెప్పాను.

"అంటె నీది గూడ రంగులు కలిపే పనే," అన్నాడు.

అలా మొదలైంది. వాళ్ల గ్యారేజీకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా విరామం, మా క్లినిక్‌కూ అంతే. రిపేరుకు వచ్చిన కారు పెట్రోలు మూత మీద ఉండే చిన్న రేకు తలుపును విప్పి, పాత మలయాళం పేపర్లో చుట్టుకుని సనాయ నుంచి నడిచి వచ్చేవాడు. గ్యారేజీలన్నీ ఉండే ఆ చోటు నుంచి మా ఇంటికి ఇరవై నిమిషాలు. తల మీద తడి తువ్వాలు. రేకుతో పాటు ఐదు అట్టముక్కలు తెచ్చేవాడు, ఒక్కో దాని మీద కొంచెం కొంచెం తేడాతో కలిపిన రంగు. వెనకవైపు ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు. గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. తలుపు దగ్గరే నిలబడేవాడు. నేను రేకు, ముక్కలు తీసుకుని బాల్కనీలోకి వెళ్లేదాన్ని.

"ముందుగాల నీడల సూడు," అని అక్కడి నుంచే చెప్పేవాడు. "ఇప్పుడు ఎండల పెట్టు. ఇప్పుడు జర వంచి పక్కకెళ్లి సూడు."

"మూడు, కాకా."

"నాలుగు గాదా?"

"నాలుగు కొంచెం నీలంగా ఉంది."

"నీలమెక్కిందా. నల్లది ఎక్కువ పడ్డదన్నట్టు." అదంతా మనసులో రాసుకుంటున్నట్టు తల ఊపేవాడు. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో నాకు ఆ బాల్కనీలోనే తెలిసింది. పసుపు ఛాయ తెలుపు, బూడిద ఛాయ తెలుపు, వంచితే ముత్యంలా మెరిసే తెలుపు. వారానికి రెండుసార్లో మూడుసార్లో వచ్చేవాడు. నీళ్లు తాగి, గ్లాసు గడప మీద బోర్లించి వెళ్లేవాడు. ఎనిమిది నెలలు అలా గడిచింది. గ్యారేజీలో ఎవరికీ అనుమానం రాలేదు. ఫోర్‌మన్ కూడా కొత్తవాళ్లకు రంగు కలపడం నేర్పమని ఆయన దగ్గరికే పంపేవాడట. ఆ మాట చెప్పినప్పుడు మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు.

ఆగస్టులో నాకు గర్భం పోయింది. మూడో నెల నిండి నాలుగు రోజులైంది. హాస్పిటల్ నుంచి అదే రోజు పంపేశారు. మా ఆయనకు సోహార్‌లో ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే పని, పన్నెండేసి గంటల డ్యూటీలు. రెండు రోజులు సెలవు పెట్టాడు. మూడో రోజు వెళ్లక తప్పలేదు. వెళ్లేముందు ఫ్రిజ్‌లో ఏమున్నాయో చెప్పాడు. నేను హాల్లో నేల మీద పడుకున్నాను, టైల్సు చల్లగా ఉంటాయని. ఏమీ అనిపించలేదు. ఏసీ చప్పుడు వింటూ ఉన్నాను.

ఒంటిగంటన్నరకు బెల్లు మోగింది. లేచి తలుపు తీశాను. కాక. తడి తువ్వాలు, పేపర్లో చుట్టిన రేకు. అట్టముక్కలు చాచి పట్టుకున్నాడు.

"జర అర్జెంటు బిడ్డా. పొద్దుగూకేటాళ్లకు రంగు కొట్టాలె. గోధుమ తెలుపు, మస్తు కష్టమున్నది."

నేను చెయ్యి చాచలేదు. తలుపు పట్టుకుని నిలబడే, "రెండు," అన్నాను.

"ఎండల సూసినవా?"

"చూశాను."

"వంచి?"

"చూశాను కాకా. రెండు."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తలుపు మూయాలని చెప్పాను. నేను బాల్కనీ దాకా నడిచిన చప్పుడు లేదు, ఆయన చేతుల్లోంచి ఏదీ నా చేతుల్లోకి రాలేదు. ఆయనకు తెలియలేదో, ముక్కల్ని దూరం నుంచే చూశాననుకున్నాడో. నా ముఖం చూసి ఉంటే ఏమైందని అడిగేవాడే. నా ముఖం ఆయనకు కనిపించలేదు. "బతికిచ్చినవ్ బిడ్డా," అని గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు. నేను మళ్లీ వెళ్లి నేల మీద పడుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి పెట్టుకున్నాడు.

"పోతున్న బిడ్డా. ఎల్లుండి ఫ్లైటు."

ఏం జరిగిందో గడప అవతలే నిలబడి చెప్పాడు. ఆ కారు రాజధానిలో, ఖురంలో ఆఫీసులో పనిచేసే ఒమానీ ఆయనది, గురువారం గురువారం సహం వస్తాడు. ఒక వైపు రెండు డోర్లకూ రంగు వేశారు. లోపల ట్యూబులైటు కింద బాగానే కనిపించింది. బయట ఎండలోకి తీయగానే ఆ రెండు డోర్లూ వేరే బండివేమో అన్నట్టు ఉన్నాయి. కారాయన పెద్దగా ఏమీ అనలేదట, మళ్లీ వేయమన్నాడంతే. కానీ ఫోర్‌మన్‌కు అనుమానం వచ్చింది. బానెట్ మీద ఐదు ముక్కలు పరిచి, పనివాళ్లందరి ముందూ, ఏది ఏ రంగో చెప్పమన్నాడు.

"బూడిద రంగు తీసి గోధుమన్న," అన్నాడు కాక. "అందరు సూస్తున్నరు."

"మీ అర్బాబ్ ఏమన్నాడు?"

"మంచోడే. టికెట్ ఇచ్చిండు. అలుముకున్నడు గూడ. కండ్లు బాగు చేస్కో అన్నడు." "తప్పు నాదే బిడ్డా. నువ్వు రెండని మంచిగనే చెప్పినవు. నేను పోయినంక ముక్క తిరగేసి సూసేకాడ ఐదును రెండనుకున్నట్టున్న. నాకిప్పుడు ఆ రెండంకెలు ఒక్క తీర్గనే కనబడుతున్నయి."

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చిందని కూడా అనలేను. రాలేదు.

"నీళ్లు తాగుతారా కాకా?" అన్నాను.

తాగాడు. గ్లాసు బోర్లించాడు. వెళ్లాడు.

తర్వాతి శుక్రవారం కడప భాయి బకెట్టు తీసి పక్కన పెట్టి, ఆయన లేకపోతే ఎవరు చెప్తారని అడిగాడు. ఆ తర్వాత జనం రావడం మానేశారు.

మూడు నెలలకు కాక ఫోన్ చేశాడు. జగిత్యాలలో రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. గొంతులో ఇంతకుముందెప్పుడూ వినని హుషారు.

"మా ఇంటి తలుపు ఆకుపచ్చగుంటదట బిడ్డా! సెలవుకొచ్చినప్పుడల్ల నల్లదనే అనుకున్న. నా బిడ్డ ముక్కు మీద పుట్టుమచ్చ ఉన్నది. అది గూడ ఇప్పుడె కనబడ్డది."

అప్పటి నుంచి పది రోజులకోసారి చేసేవాడు. బంపర్ ఎట్లుంది, క్లియర్ పూత లేవలేదు కదా అని అడిగేవాడు. బాగానే ఉంది అనేదాన్ని. నిజంగానే బాగుంది. ఒకరోజు మధ్యాహ్నం, ఆయన మళ్లీ, "నీ కండ్లతోనే గద బిడ్డా ఎనిమిది నెలలు ఎల్లదీసిన, ఆఖరుకు అంకె నేనె తప్పు సదివిన," అంటుంటే చెప్పేశాను.

"మీరు తప్పు చదవలేదు కాకా. నేను చూడలేదు."

"ఏంది?"

"ఆ రోజు ముక్కలు చూడకుండా రెండు అన్నాను. ముట్టుకోను కూడా లేదు."

అటువైపు కోడి కూస్తోంది ఎక్కడో.

"అసల్కే సూడలేదా?"

"చూడలేదు."

"కండ్లు పోయినయి, పంపిన్రు అంటె అదొక తీరు," అన్నాడు. గొంతు పెంచలేదు. "రంగు తప్పిండన్నరు నన్ను. ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి అనలె ఆ మాట. అందరి ముంగట అన్నరు."

ఫోన్ పెట్టేశాడు. నేను మళ్లీ చేయలేదు. మూడు వారాలు గడిచాయి. క్లినిక్‌కు వెళ్లాను, వచ్చాను. ఒక శుక్రవారం ఉదయం ఫోన్ మోగింది.

"బిడ్డా, ఆ దినం ఎందుకు సూడలె?"

అంతే అడిగాడు. చెప్పాను. మూడో నెల, ఆగస్టు, హాస్పిటల్. రిపోర్టు చదివినట్టు చెప్పాను, అలాగే చెప్పగలిగాను.

"నేనొచ్చిన దినం ఒక్కదానివే ఉన్నవా ఇంట్ల?"

"అవును కాకా."

"అన్నం ఎవలు పెట్టిన్రు?"

"ఎవరూ పెట్టలేదు. ఫ్రిజ్‌లో ఉంది."

"తిన్నవా మరి?"

గుర్తు లేదన్నాను.

"నాతోని ఒక్క మాట అంటె కింద కెఫెటేరియా కెళ్లి ఏదన్న తెచ్చిస్తుంటిగదనె," అన్నాడు. "గడప కాడిదాక వస్తిని." తర్వాత, ఎండాకాలం కదా, కారును నీడలో పెడుతున్నావా అని అడిగాడు. ఆ రోజు తర్వాత ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. ఫోన్లు వచ్చేవి, మాట్లాడేవాళ్లం. ఈ మధ్య తగ్గాయి. దగ్గు ఎక్కువగా వినిపించేది. మాస్కు పెట్టుకునేవారా కాకా పని చేసేటప్పుడు అని అడిగితే, "తడి గుడ్డ కట్టుకునేటోన్ని," అన్నాడు.

మెసేజ్ వచ్చిన రోజు "చాలా బాధగా ఉంది" అని జవాబు పంపాను. అందరం పంపే మాటే. పదకొండో రోజున ఆయన నంబరుకే ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. వెనక మనుషుల అలికిడి, గిన్నెల చప్పుడు.

"మీ గురించి చెప్పేటోడు అక్కా," అంది. "సహంల ఒక బిడ్డుండె, మస్తు మంచిగ సూసేది రంగులు అనేటోడు."

"ఇంకేమైనా చెప్పేవారా?"

"అక్కడి ముచ్చట్లు ఎక్కువ చెప్పకపోయేటోడు. రంగు తప్పు కలిపిన, అందుకె పంపిన్రు అని మాత్రం అందరికి చెప్పుకునేటోడు. ఎవలడిగినా గదే. మా అవ్వకు కోపమొచ్చినప్పుడల్ల అదే ఎత్తిపొడిచేది, ఇరవై ఏండ్లు చేసిన పనిల రంగు గుర్తువట్టకపోతివని. ఊకునేటోడు."

"ఇప్పుడు కూడానా? ఈ ఏడాది కూడా అదే చెప్పేవారా?"

"ఆఖరిదాక గదే చెప్పిండక్కా."

నేను కారులో కూర్చుని ఉన్నాను, క్లినిక్ వెనక. ఇంజను ఆపేశాను.

"మీ నాన్నగారు తప్పు కలపలేదమ్మా," అన్నాను. "ఏ రంగు కలిసిందో చెప్పాల్సింది నేను. చూడకుండా తప్పు చెప్పాను. ఆయన నన్ను నమ్మి అదే వేశారు. ఈ సంగతి ఆయనకు తెలుసు. నేనే చెప్పాను."

తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయనకు ఎరుకేనా?"

"తెలుసు."

"ఎరుకై గూడ గట్లనే చెప్పుకున్నడా?"

వెనక గిన్నెల చప్పుడు ఆగింది.

"నాకు జెప్పుడు గాదక్కా," అంది. "మా అవ్వకు చెప్పున్రి."

అవ్వ అంటే వాళ్ల వైపు అమ్మ. ఫోన్ చేతులు మారుతున్న చప్పుడు. కూతురు ఏదో చెప్తోంది, సహం అన్న మాట వినిపించింది. తర్వాత ఒక ముసలి గొంతు, ఫోన్ సరిగా పట్టుకోనట్టు దూరం నుంచి, "ఎవలు?" అంది.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పెట్రోలు మూత రేకు, ఐదు అట్టముక్కలు, ఆ మధ్యాహ్నం. ఆవిడకు అర్థమవుతోందో లేదో తెలియలేదు. మధ్యలో ఊ కొట్టలేదు. ఊపిరి వినిపిస్తోంది కాబట్టి ఫోన్ పెట్టేయలేదని తెలిసింది.

"అంటె," అంది చివరికి, "ఆయన రంగు తప్పలేదన్నట్టు."

"తప్పలేదమ్మా."

"ఒక్కపారన్న తప్పలేదా?"

"ఒక్కసారి కూడా తప్పలేదు."

ఆవిడ ఫోన్ పక్కన పెట్టింది, కట్ చేయడం తెలియక. గదిలో ఉన్నవాళ్లతో ఆవిడ ఆ మాటే చెప్పడం నాకు వినిపించింది. ఒకరికి చెప్పింది. తర్వాత ఇంకొకరికి చెప్పింది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చున్నాను.